ఆగిపోయిన డిగ్రీని తక్కువ ఖర్చుతో పూర్తి చేసుకోవడం ఎలా?



మన సంఘాలలో డిగ్రీ మొదలుపెట్టి మధ్యలో ఆపినవారు ఎంతమంది ఉన్నారో ఎప్పుడైనా గమనించారా? పెళ్లి కుదిరి ఆపినవారు, తండ్రి మంచాన పడితే ఆపినవారు, కౌలుకు తీసుకున్న చేను మునిగి ఆ ఏడాది ఫీజు కట్టలేక ఆపినవారు, ఇంగ్లీషు ఒక్క పేపరు మిగిలిపోయి ఇక దాని జోలికి పోనివారు ఉన్నారు. ఎవరిని కదిలించినా "అయ్యగారూ, అప్పుడే పూర్తి చేసి ఉంటే..." అని మొదలుపెడతారు. ఆ మాట తర్వాత ఒక నిట్టూర్పు, అంతటితో సంభాషణ ముగుస్తుంది.

కిందటి నెలలో ఒక సహోదరి దగ్గరనుండి జాబు వచ్చింది. ఆమెకు 34 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. ఊళ్లోని చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది. బి.ఏ. రెండు సంవత్సరాలు చదివి పెళ్లితో ఆపేసింది. డిగ్రీ లేదు గనుక బి.ఎడ్.కు వెళ్లడానికి లేదు, బడిలో జీతం పెంచమని గట్టిగా అడగడానికీ లేదు. ఈ మధ్య ఒకాయన ఇంటికి వచ్చి, "అంతా ఆన్‌లైన్ అమ్మా, పరీక్షలకు కూడా వెళ్లనక్కరలేదు, 25 వేలు ఇస్తే ఆరు నెలల్లో డిగ్రీ చేతిలో పెడతాను" అన్నాడట. భర్త సరేనన్నాడు. డబ్బు కోసం మెడలో గొలుసు తాకట్టు పెట్టే మాట కూడా వచ్చింది. "నాకెందుకో భయంగా ఉంది, సలహా చెప్పండి" అని రాసింది.

అమ్మా, నీ భయమే సరైనది. ఆ డబ్బు ఇవ్వవద్దు. గొలుసు మెడలోనే ఉండనివ్వు. డిగ్రీ పూర్తి చేయడానికి నీకు సక్రమమైన దారులు ఉన్నాయి, వాటికి అంత ఖర్చు కూడా కాదు. ఆ దారులేమిటో ఈ నెల వివరంగా రాస్తాను, నీవంటి వారు ఇంకా చాలామంది ఉన్నారు గనుక.

మొదట చేయవలసిన పని కొత్తచోట చేరడం కాదు, పాత కాలేజీకి వెళ్లడం. ఇది చాలామందికి తోచదు. రెండు సంవత్సరాలు చదివి ఆపినవారు, మూడేళ్లూ చదివి రెండు మూడు పేపర్లు తప్పినవారు ముందుగా తమ మార్కుల మెమోలు వెదికి తీసి, కాలేజీ ఆఫీసులోనూ యూనివర్సిటీ పరీక్షల విభాగంలోనూ విచారించాలి. పాత బ్యాచ్‌ల వారు మిగిలిన పేపర్లు రాసుకోవడానికి యూనివర్సిటీలు అప్పుడప్పుడు ప్రత్యేక అవకాశం అని ప్రకటిస్తుంటాయి. ఆ ప్రకటన పేపర్లో ఒక మూలన చిన్న అక్షరాలతో వస్తుంది, గడువు దాటిన తర్వాత మనకు తెలుస్తుంది. మూడు పేపర్లు మిగిలిన మనిషి మూడేళ్ల డిగ్రీ మళ్లీ మొదటినుండి చదవడమంత వృథా ప్రయాస మరొకటి లేదు.

ఆ అవకాశం లేదని తేలినప్పుడు, పాత చదువులో కొంతైనా లెక్కలోకి తీసుకుంటారా అని కొత్త యూనివర్సిటీని రాతపూర్వకంగా అడగాలి. దీనిని క్రెడిట్ల బదిలీ అంటారు. 2021లో యు.జి.సి. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఏర్పాటు చేసింది. ఇప్పటి పిల్లలు చదివిన పేపర్ల క్రెడిట్లు బ్యాంకు ఖాతాలో డబ్బువలె అందులో జమ అవుతాయి, చదువు ఆగినా కొన్నేళ్లపాటు అవి నిలిచి ఉంటాయి. పదిహేనేళ్ల కిందట ఆపినవారికి అది అంతగా అక్కరకు రాదు. కాని నీ పిల్లలకు వస్తుంది, గుర్తుంచుకో.

ఇక కొత్తగా చేరడం. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన తెలుగు నేలమీదే పుట్టిందని మీలో ఎందరికి తెలుసు? 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆచార్య జి. రాంరెడ్డిగారు దాని మొదటి వైస్ ఛాన్సలర్. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. అక్కడ చేసిన పని చూసే కేంద్ర ప్రభుత్వం 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే మనం ఇగ్నో అని పిలిచేదానిని, స్థాపించినప్పుడు మొదటి వైస్ ఛాన్సలర్‌గా రాంరెడ్డిగారినే తీసుకుంది. బస్సు కండక్టర్లు, పోలీసు కానిస్టేబుళ్లు, గృహిణులు, రోజంతా పనిచేసి రాత్రి పుస్తకం తెరిచేవారు, వీరికోసమే ఈ సంస్థలు పెట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం అంతకుముందే, 1972లో, పోస్టు ద్వారా పాఠాలు పంపడం మొదలుపెట్టింది. ఉస్మానియాలో 1977లో, కాకతీయలో 1987లో దూరవిద్య మొదలైంది. కాబట్టి "దూరవిద్య అంటే ఈ మధ్య పుట్టిన మాయ" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఇది మన తల్లిదండ్రుల కాలంనుండి ఉన్నదే. పోస్టులో వచ్చే పాఠాలు ఫోనులోకి వచ్చాయి, అంతే తేడా.

అంబేద్కర్ యూనివర్సిటీలో బి.ఏ. తెలుగు మాధ్యమంలో చదువుకోవచ్చు. మన పల్లె కుటుంబాలకు ఇది పెద్ద మేలు. ఇగ్నో పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషు, హిందీలలో ఉంటాయి, కాని దాని ప్రాంతీయ కేంద్రాలు హైదరాబాదులోను, విజయవాడలోను, విశాఖపట్నంలోను ఉన్నాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక అంబేద్కర్ యూనివర్సిటీకి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న కేంద్రాల వ్యవహారం రెండు ప్రభుత్వాల మధ్య నలిగింది. అందుచేత ఆంధ్ర జిల్లాలవారు చేరేముందు ఆ సంవత్సరం తమ జిల్లాలో అడ్మిషన్లు తీసుకుంటున్నారో లేదో విచారించుకోవాలి. లేకపోతే ఇగ్నో, ఆంధ్ర, నాగార్జున విశ్వవిద్యాలయాల దూరవిద్యను చూసుకోవచ్చు. ఫీజు ఈ ప్రభుత్వ సంస్థలలో ఏడాదికి కొద్ది వేల రూపాయలే. ప్రైవేటు యూనివర్సిటీల పూర్తి ఆన్‌లైన్ డిగ్రీలలో మూడేళ్లకు లక్ష దాటేవి చాలా ఉన్నాయి. వాటికి టి.వి.లో ప్రకటనలు వస్తాయి, సినిమా వాళ్లు వచ్చి చెబుతారు. ప్రభుత్వ యూనివర్సిటీకి ప్రకటన ఉండదు. ఆ ప్రకటనల ఖర్చు ఎవరి ఫీజులోనుండి వస్తుందో ఆలోచించండి.

మద్రాసు ఐ.ఐ.టి. 2020లో డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ డిగ్రీ మొదలుపెట్టింది. మన యువకులు దాని గురించి అడుగుతున్నారు. మంచి చదువే. అయితే బోధన ఇంగ్లీషులో ఉంటుంది, లెక్కలు బాగా రావాలి, పరీక్షలు కేంద్రానికి వెళ్లి రాయాలి. పూర్తి ఫీజు లక్షల్లో ఉన్నా, కుటుంబ ఆదాయాన్నిబట్టి సగానికి పైగా తగ్గించే రాయితీలు ఉన్నాయి. ఇంటర్‌లో లెక్కలు బాగా చేసిన కుర్రవాడు ప్రయత్నించవచ్చు. మా సహోదరికి మాత్రం అది దారి కాదు.

ఇప్పుడు అసలు విషయం. ఏ డిగ్రీ చెల్లుతుంది, ఏది చెల్లదు?

మన దేశంలో డిగ్రీ ఇచ్చే అధికారం ఎవరికి ఉందో 1956 నాటి యు.జి.సి. చట్టం చెబుతుంది. దూరవిద్యకు, ఆన్‌లైన్ చదువుకు 2020లో వేరుగా నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం అనుమతి పొందిన సంస్థ, అనుమతి పొందిన కోర్సులో ఇచ్చిన దూరవిద్య డిగ్రీ కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానం. ఉద్యోగానికీ, పై చదువుకూ చెల్లుతుంది. ఇక్కడ రెండు మాటలు జాగ్రత్తగా చదవండి. సంస్థకు అనుమతి ఉండాలి, మీరు చేరే కోర్సుకూ మీరు చేరే సంవత్సరానికీ కూడా అనుమతి ఉండాలి. ఆ జాబితా యు.జి.సి. దూరవిద్యా విభాగం వారి వెబ్‌సైటులో ఉంటుంది. ఇంగ్లీషు చదవగల పదో తరగతి పిల్లవాడు పది నిమిషాల్లో చూసి పెడతాడు. ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు, ఫార్మసీ, లా, వ్యవసాయం, ఇవి దూరవిద్యలో ఇవ్వడానికి అనుమతి లేదు. "ఇంట్లో కూర్చుని నర్సింగు డిగ్రీ" అని ఎవరైనా అంటే అక్కడే లేచి రండి. ఒక యూనివర్సిటీ తన పేరును ఊళ్లోని ట్యూషన్ సెంటరుకు అద్దెకిచ్చి డిగ్రీలు నడిపించడం కూడా నిషేధమే. డబ్బు ఎప్పుడూ యూనివర్సిటీ ఖాతాకే నేరుగా కట్టాలి. మనిషి చేతికి ఇవ్వకూడదు. ఆ మనిషి ఆదివారం ముందు వరుసలో కూర్చునేవాడైనా సరే.

ఈ మాట ఎందుకంటున్నానంటే, యు.జి.సి. 2024లో ప్రకటించిన నకిలీ యూనివర్సిటీల జాబితాలో ఆంధ్రప్రదేశ్ కింద రెండు పేర్లున్నాయి. ఒకదాని పేరులో బైబిలు ఉంది, మరొకదాని పేరులో క్రీస్తు ఉన్నాడు. చదివినప్పుడు నాకు సిగ్గు వేసింది. మన పల్లెల్లో భక్తిగల మనిషి ఆ పేరు చూస్తే తనవారే అనుకుంటాడు, ఇక అడగవలసినది అడగడు. కాగితం మీద సిలువ గుర్తు ఉన్నంత మాత్రాన అది డిగ్రీ కాదు. (వేదికల మీద శాలువాతోపాటు పంచిపెట్టే గౌరవ డాక్టరేట్ల సంగతి మరొక నెలలో మాట్లాడుకుందాం. కరపత్రంలో పేరుకు ముందు ఆ రెండక్షరాలు వేసుకునే తోటి సేవకులు నన్ను క్షమించాలి.)

ఈ సందర్భంలోనే వేదాంత విద్య గురించి కూడా చెప్పాలి. నేను చదివినది థియాలజీ డిప్లొమా. దానిని తక్కువ చేసి మాట్లాడను, నా పరిచర్యకు పునాది అదే. కాని అది బి.ఏ. కాదు. సెరంపూర్ కళాశాలను 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డుగారలు స్థాపించారు. డెన్మార్కు రాజు 1827లో దానికి డిగ్రీలిచ్చే హక్కునిస్తూ సన్నదు ఇచ్చాడు, 1918లో బెంగాలులో చేసిన చట్టం ఆ హక్కును స్థిరపరచింది. కనుక సెరంపూర్ సెనెటు ఇచ్చే వేదాంత డిగ్రీలకు చట్టబద్ధమైన ఆధారం ఉంది. అవి వేదాంతంలో డిగ్రీలు. చిన్న చిన్న బైబిలు పాఠశాలలు ఇచ్చే సర్టిఫికెట్ల సంగతి వేరు. వాటిలో మంచి బోధన ఉండవచ్చు. గ్రూప్-2 పరీక్షకో బి.ఎడ్.కో దరఖాస్తు పెట్టేటప్పుడు మాత్రం అవి పనికిరావు. సాధారణంగా ఆ సంవత్సరాలు బి.ఏ.లో తగ్గించరు కూడా. బైబిలు కాలేజీకి పిల్లలను పంపే తల్లిదండ్రులు ఈ సంగతి ముందే తెలుసుకుని పంపాలి. మేలైన వార్త ఒకటుంది. 2022 ఏప్రిల్‌లో యు.జి.సి. రెండు కోర్సులు ఒకేసారి చదువుకోవడానికి అనుమతి ఇచ్చింది. వేదాంతం చదువుతూనే దూరవిద్యలో బి.ఏ. కూడా చేయవచ్చు. అయితే ఇంటర్ పాసై ఉండాలి. లేనివారు ముందు ఓపెన్ స్కూలులో ఇంటర్ పూర్తి చేసుకోవాలి. రెండు రాష్ట్రాలలోనూ ఓపెన్ స్కూళ్లున్నాయి. యౌవన సేవకులారా, మీకు తీరిక ఉన్న ఈ కాలంలోనే ఆ పని కానివ్వండి.

ఖర్చు సంగతికి వద్దాం. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం మీకు తెలుసు. ఫీజు ఒక్కటే చూసుకుని చేరినవారు రెండో సంవత్సరంలో ఆగిపోతారు. ఫీజుతోపాటు పరీక్ష ఫీజు వేరుగా ఉంటుంది, పేపరుకింత అని. కేంద్రానికి బస్సు చార్జీలు, పరీక్షల రోజుల్లో పోయే కూలి లేదా జీతం, ఫోనులో డేటా, ఇవన్నీ కలిపి రాసుకోండి. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటు రెగ్యులర్ కాలేజీ పిల్లలకే గాని దూరవిద్యకు సాధారణంగా వర్తించదు.

రాయితీల విషయంలో మన సంఘాలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకు ఇగ్నో కొన్ని కోర్సులలో ఫీజు మినహాయింపు ఇస్తూ వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులు ఎస్.సి. జాబితాలోకి రారు. మన రెండు రాష్ట్రాలలోనూ వారిని బి.సి.-సి గా పరిగణిస్తారు. ఇది న్యాయమా కాదా అనే వాదన దశాబ్దాలుగా నడుస్తోంది, నా అభిప్రాయమేమిటో మీరు ఊహించగలరు. అయినా ఫీజు మిగులుతుందని ఒక సర్టిఫికెట్టు, సంఘంలో మరొక మాట, ఈ రెండు పడవల ప్రయాణం వద్దు. తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, పదేళ్ల శ్రమ పోతుంది. మీకు చట్టప్రకారం ఏ సర్టిఫికెట్టు చెందుతుందో అదే పెట్టండి. ఆ తేడా డబ్బును సంఘమే భరించవచ్చు గదా! పండుగకు మందిరానికి సీరియల్ లైట్లు కట్టడానికి అయ్యే ఖర్చుతో ఒక సహోదరి ఏడాది ఫీజు కట్టవచ్చు. స్త్రీల సమాజంవారు ఏడాదికి ఒక్కరికైనా వడ్డీ లేకుండా ఫీజు అప్పుగా ఇచ్చి నెలనెలా తిరిగి తీసుకునే పద్ధతి పెట్టుకుంటే, తాకట్టు మాట రాదు.

డబ్బుకంటె కష్టమైనది సమయం. 2022 డిసెంబరులో యు.జి.సి. ప్రకటించిన విధానంలో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు కావాలి. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్టంటే 30 గంటల చదువు. అంటే మొత్తం 3,600 గంటలు. మూడేళ్లలో పూర్తి చేయాలంటే రోజుకు మూడు గంటలకు పైనే. ఇద్దరు పిల్లలు, బడి పని, వంట ఉన్న స్త్రీకి అది ఎక్కడిది? కాని ఇగ్నో బి.ఏ.కు ఆరేళ్ల వరకు గడువు ఉంది. ఆరేళ్లకు పంచితే రోజుకు గంటన్నర, గంటా ముప్పావు. ఆ మాత్రం సమయం దొరుకుతుంది, ఇంట్లో మరొకరు పాత్రలు కడిగితే. భర్తలారా, ఈ వాక్యం మీకోసమే రాశాను.

ఇగ్నోలో అసైన్‌మెంట్లు ఇంటి దగ్గర రాసి పంపాలి, వాటికి 30 శాతం, చివరి పరీక్షకు 70 శాతం లెక్క. అసైన్‌మెంటు పంపకుండా పరీక్ష ఒక్కటే రాస్తే ఆ పేపరు పాసు కాదు. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. పరీక్షలు జూన్‌లోను డిసెంబరులోను, ఏడాదికి రెండుసార్లు ఉంటాయి. డిసెంబరు అంటే మనకు క్రిస్మసు పనులు, పాటల అభ్యాసం, ఇంటికి సున్నాలు. ఆ నెలలో రాయలేమనుకుంటే జూన్‌లో ఎక్కువ పేపర్లు పెట్టుకోండి.

ఒక చిక్కు ప్రశ్న కూడా వచ్చింది. దూరవిద్యా కేంద్రాలలో తరగతులు ఎక్కువగా ఆదివారమే పెడతారు, ఆరాధన మానవచ్చా అని. బి.ఏ., బి.కాం. వారికి ఆ తరగతులు సహాయం కోసమే, సైన్సు ప్రాక్టికల్స్ వలె తప్పనిసరి కావు. కాబట్టి ప్రతి ఆదివారం వెళ్లనక్కరలేదు. కష్టమైన సబ్జెక్టుకు వెళ్లవలసి వస్తే వెళ్లండి, సాయంత్రపు కూడికకు రండి. సంఘ పెద్దలు వారి పేర్లు హాజరు పట్టీలో వెదికి నొప్పించకండి. వారం దినాల్లో మందిరం ఖాళీగానే ఉంటుంది గదా, రాత్రి ఎనిమిదినుండి పదివరకు ఒక లైటు, ఒక ఫ్యాను వేసి చదువుకునేవారికి తెరిచి ఉంచండి. ఒంటరిగా చదివేవారు మానేస్తారు, నలుగురు కలిసి కూర్చుంటే సాగుతుంది.

చివరగా కాగితాలు. 2024 సెప్టెంబరునుండి దూరవిద్యలో చేరాలంటే డి.ఇ.బి. ఐ.డి. అనే నంబరు తీసుకోవాలి. ముందు ఆధార్‌తో అకడమిక్ బ్యాంక్ ఐ.డి. తీసుకుంటే, దానితో ఇది వస్తుంది. దీనికి ఎవరికీ వేలు ఇవ్వనక్కరలేదు. నెట్ సెంటరులో చేయించుకుంటే మీ సొంత ఫోను నంబరే ఇవ్వండి. సెంటరు కుర్రవాడి నంబరు ఇస్తే రేపు ఓ.టి.పి. అతనికి పోతుంది, అతడు ఊరు మారితే మీ చదువు చిక్కులో పడుతుంది.

అంతకంటె ముఖ్యం పేరు. మనవారిలో పదో తరగతి సర్టిఫికెట్టులో ఒక పేరు, బాప్తిస్మమప్పుడు పెట్టుకున్నది మరొకటి, పెళ్లి తర్వాత మారిన ఇంటిపేరుతో ఆధార్‌లో ఇంకొకటి ఉంటాయి. కంప్యూటరు ఈ ముగ్గురినీ వేర్వేరు మనుషులనుకుంటుంది. యూనివర్సిటీ చూసేది పదో తరగతి పేరునే. అందుచేత ఆధార్‌ను దానికి సరిపోయేటట్టు ముందే సవరించుకోండి. అడ్మిషన్ గడువు వారం రోజులుండగా ఆధార్ కేంద్రానికి పరుగెత్తితే ఆ సంవత్సరం పోయినట్టే. ఇగ్నోలో చేరడానికి ఏడాదికి రెండు విడతలు ఉంటాయి, జనవరి ఒకటి, జూలై ఒకటి. సహోదరీ, నీ మార్కుల మెమోలు అమ్మగారింటి పెట్టెలో ఉన్నాయని రాశావు. ఈసారి పుట్టింటికి వెళ్లినప్పుడు అవి, పదో తరగతి, ఇంటర్ సర్టిఫికెట్లు, టి.సి. తెచ్చుకుని ఒక్కొక్కటి రెండేసి జిరాక్సులు తీయించుకో. టి.సి. దొరక్కపోతే కాలేజీకి దరఖాస్తు పెట్టి నకలు అడుగు. అది చేతికి రావడానికే నెల పట్టవచ్చు.